అద్దాల బీరువాలో హెల్మెట్లు

ఆటోనగర్‌లో మా ఫ్యాబ్రికేషన్ షెడ్డు గోడ మీద "మనిషి ప్రాణమే మా విలువ" అని పెద్ద బోర్డు ఉంటుంది. హెల్మెట్లు మాత్రం యజమాని గదిలో, అద్దాల బీరువాలో ఉండేవి. కస్టమర్లు వస్తే మాకు పంచేవాడు, వాళ్లు వెళ్లగానే లాక్కునేవాడు. కిందటేడు పైనుంచి బోల్టు పడి వెల్డర్ అప్పలనాయుడి తల పగిలింది. అయిదు కుట్లు పడ్డాయి. మరుసటి వారమే పెద్ద ఆర్డరు ఇచ్చేవాళ్లు చూడడానికి వచ్చారు. నేను మా చర్చిలో సంఘపెద్దను కాబట్టి, రోజూలాగే నన్ను ప్రార్థన చేయమన్నాడు యజమాని.

ఉన్నమాట అంటే ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా దేవుని ముందు నటించలేక, "ప్రభువా, వీరు వెళ్లిపోయాక కూడా ఈ హెల్మెట్లు మా తలల మీదే ఉండనివ్వండి తండ్రీ" అన్నాను. ఫోను చూసుకుంటున్న యజమాని, అలవాటు కొద్దీ అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాడు. వచ్చినవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

వాళ్ల కారు గేటు దాటగానే, "ఏటి యోహానూ, దేవుడి పేరు సెప్పి నా పరువు తీసీసావు!" అని మండిపడ్డాడు.

"తమరే ఆమెన్ అన్నారు గదా బాబూ" అంటూ అప్పలనాయుడు హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. ఆ రోజు ఎవరూ తిరిగివ్వలేదు.

మర్నాటి నుంచి యజమాని ప్రార్థన మాన్పించేశాడు. వేషధారికి దేవుడంటే భయం లేదు, దేవుడితో చెప్పుకున్నది నలుగురూ వింటారనే భయం.