ప్యాసింజర్‌కు కామెర్లు

మా సదాశివ తాత ముప్పై నాలుగేళ్లు రైలు నడిపాడు. ఒక్క ఎర్ర సిగ్నల్ కూడా దాటిపోలేదని లాలాగూడలో కనబడ్డవాళ్లందరికీ చెబుతాడు. కనబడనివాళ్లకు ఫోన్ చేసి మరీ చెబుతాడు.

రిటైరయ్యాక ముందుగదిలో అద్దాల తొట్టి పెట్టి, అందులో ఒక కొబ్బరిచిప్ప బోర్లించి, బొటనవేలంత చేపల జంటను తెచ్చాడు. వాటిని అపిస్టోలంటారట. నిప్పురంగు తోక మగదానికి ఎక్స్‌ప్రెస్ అనీ, దానికంటే బాగా చిన్నదైన బూడిదరంగు ఆడదానికి ప్యాసింజర్ అనీ పేర్లు పెట్టాడు. ఎక్స్‌ప్రెస్ వస్తే ప్యాసింజర్ పక్కకు తప్పుకునేది. రైల్వే రూలు నీళ్లలో కూడా నడుస్తోందని తాత మురిసిపోయాడు.

ఒకరోజు పొద్దున చూస్తే ప్యాసింజర్ ఒళ్లంతా నిమ్మపండులా పచ్చబడింది. పైగా ఎక్స్‌ప్రెస్‌ను తరిమి తరిమి ఫిల్టర్ వెనక నక్కేలా చేసింది.

"శారదా! దీనికి కామెర్లైనయ్! తిక్క సుత లేసింది!"

వీటికి ముందు, నిరుడు తెచ్చిన జంట చచ్చిపోతే తాత వారంపాటు అన్నం సరిగ్గా తినలేదు. ఈసారి అట్లా కానిచ్చేది లేదని గోడవార నేల ఉసిరి పీకి, నూరి, గ్లాసెడు రసం తీశాడు. తొట్టిలో పోయబోతుంటే నానమ్మ శారదమ్మ గ్లాసు పట్టుకుంది.

"పసుపు రాసుకున్నదాన్ని పట్టుకొని కామెర్లంటవేందయ్యా? నాల్గు రోజుల్నించి ఆ కొబ్బరిచిప్ప ముంగట ఇసుక తోడుతుంది, చూడలే?"

"అది చస్తే నువ్వు తెస్తవా?"

"సరే గని, పసుపు సిగ్నల్ వడితే ఏం జేస్తరు?"

"మెల్లగ పోతం. ఆగనీకి తయారుంటం."

"మరాగు! ఆ రసం పారబొయ్యకు, నువ్వే తాగు."

తాత మొహం చేదుగా పెట్టుకుని తాగాడు. తర్వాత నేలమీద బోర్లా పడుకుని ఫోన్ లైటు కొట్టి చిప్పలోకి చూశాడు. లోపల పైకప్పు నిండా ఎర్రటి గుడ్లు, ఆవగింజల కంటే చిన్నవి. ప్యాసింజర్ తలకిందులుగా తేలుతూ రెక్కలతో వాటికి విసురుతోంది. తాతకు లేవాలని గుర్తురాలేదు. గుర్తొచ్చాక లేవలేకపోయాడు. నానమ్మ చెయ్యిచ్చి లేపింది.

ఎక్స్‌ప్రెస్‌ను పక్క బకెట్లోకి మార్చి, "దానికి తొవ్వ ఇయ్యనీకి దీన్ని లూప్ లైన్ల పెట్టిన," అన్నాడు.

తొమ్మిదో రోజు ప్యాసింజర్ బయటికి వచ్చింది. దాని చుట్టూ ధూళి మబ్బులా పిల్లలు. తాత ఆత్రంగా వంగితే ఆయన నీడ తొట్టి మీద పడింది. తల్లి ఒళ్లు ఒక్కసారి విదిలించింది. అంతే, మబ్బంతా ఇసుక మీదికి దిగి కదలకుండా ఆగిపోయింది. జెండా లేదు, విజిల్ లేదు, ఆ ఒక్క విదిలింపే.

తాత చప్పుడు కాకుండా రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. చాలాసేపటికి తల్లి మెల్లగా ముందుకు కదిలింది. పిల్లలన్నీ లేచి దాని వెంట పోయాయి.

"శారదా," అన్నాడు గొంతు తగ్గించి, "ఒక్కటంటే ఒక్కటి సుత సిగ్నల్ దాటలే."