అద్దాల తాత సినిమా చూపించిన శనివారం

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్లీ తెరిచిన ఏడాది, జూన్ నెలాఖరులో, మరాఠీ రాష్ట్రంలో కోఠారికి అవతల అడవి అంచునున్న ఒక చిన్న ఊరి ప్రాథమిక బడికి నన్ను ముఖ్యాధ్యాపికగా వేశారు. ముఖ్యాధ్యాపిక అంటే పెద్ద కుర్చీ అనుకునేరు. నాలుగు తరగతులకూ ఇద్దరమే టీచర్లం. హాజరు తీయడం, మధ్యాహ్నం ఖిచిడీ రుచి చూసి సంతకం పెట్టడం, పైవాళ్లు అడిగిన కాగితాలు పంపడం, ఇవన్నీ పోగా ఒకటీ రెండూ తరగతుల పాఠం నాదే. మరాఠీ బడి అది. పిల్లల్లో సగం మంది ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు. రాజురా, కోర్పనా వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబాలు. నాదీ రాజురా వైపే. నేను చదివిందీ, చదువు చెప్పిందీ మరాఠీలో. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో దిద్దించాడు గనుక రాయగలుగుతున్నాను.

శనివారం మాకు పొద్దటి బడి. పుస్తకాల సంచీ లేకుండా ఆటపాటలతో గడపాలని పైనుంచి ఆదేశం. బడికి ఒక ప్రొజెక్టర్ ఇచ్చారు, తెరకు బదులు సున్నం వేసిన గోడ. ఆ గోడ మీద నెలకోసారి నేను భూతం సినిమా వేసేదాన్ని. వినగానే అందరూ ముక్కు మీద వేలేసుకునేవారు. కానీ సెలవుల్లో పిల్లలు పెద్దల ఫోన్లలో చూడరానివన్నీ చూసి వచ్చారు. మూత్రానికి ఒంటరిగా పోరు, గుంపుగా పోతారు. వాళ్లకు భయం కొత్తగా నేర్పే పని ఏమీ లేదు. పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని భయపడి, చివరికి నవ్వుకుని లేవడం నేర్పాలి. నేను అలాగే అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను.

ఏరడానికి నాకొక పద్ధతి ఉండేది. ప్రతి సినిమానూ ముందు ఇంట్లో రెండుసార్లు చూసేదాన్ని. ఒకసారి శబ్దం తీసేసి: బొమ్మ ఒక్కటే భయపెడితే అది పనికిరాదు. ఇంకోసారి గోడవైపు తిరిగి కూర్చుని, చెవులతో: ఉన్నట్టుండి కెవ్వుమనే అరుపు ఉంటే అదీ పనికిరాదు. నెత్తురు ఉండకూడదు. తలుపు మూసి పిల్లను ఒంటరిగా బంధించే కథ ఉండకూడదు. అరగంట దాటకూడదు. వేసేటప్పుడు ఒక కిటికీ తెరిచే ఉంచాలి, చిన్నవాళ్లు మధ్యలో కూర్చోవాలి, వరస చివర ఒంటరిగా ఎవరూ ఉండకూడదు. సగంలో ఆపి, "ఇప్పుడేమైతది?" అని అడగాలి. అయిపోయాక ఆ భూతం బొమ్మ గీసి, దానికొక వెక్కిరింత పేరు పెట్టాలి. పేరు పెట్టిన దాన్ని చూసి పిల్లలు భయపడరు. ఇన్ని నియమాలున్నా చేయకూడని తప్పు చేశాను, అందుకే రాస్తున్నాను.

మరుసటి వేసవిలో, బీడీలకు తునికాకు కోసే రోజుల్లో, రెండో తరగతికి రావలసిన వైష్ణవి అనే పిల్ల తండ్రి మల్లేశ్‌ను పులి చంపింది. ఆకు కోయడానికి పదిమందితో కలిసి పోయినవాడు వాళ్లను విడిచి కొంచెం లోపలికి పోయాడట. ఎందుకు పోయాడో అప్పుడు ఎవరికీ తెలియదు. మా వాళ్లలో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, దహనం చేసిన చోట విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడి కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. నేనూ పోయాను. గంటసేపు నిలబడ్డాం, ఒక్క కాకీ దిగలేదు. పిల్ల నాయినమ్మ లచ్చవ్వ చేతులు జోడించి, "ఏం మిగిలింది కొడుకా? చెప్పు. పిల్లను మంచిగ సదివిస్తం. నీ పెండ్లాన్ని సూసుకుంటం. ముట్టి పో కొడుకా" అని ఏడ్చింది. ఆమె కొంగు పట్టుకుని వైష్ణవి నిలబడి ఉంది. చివరికి ఆ బువ్వ ఆవుకు పెట్టి వచ్చేశారు.

బడి తెరిచాక జులైలో సినిమా ఏరవలసి వచ్చింది. నా కళ్లముందు వైష్ణవే ఉంది. అడవి ఉన్న సినిమాలు పక్కనపెట్టాను. జంతువున్నవి పక్కనపెట్టాను, పిల్లి ఉన్నదాన్ని కూడా. తండ్రి చచ్చిపోయేవి పక్కనపెట్టాను. నాతో పనిచేసే మరాఠీ సార్, ఈ నెలకు పాటలేవో వేస్తే సరిపోతుంది కదా అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మీరొచ్చి నాకు నేర్పుతారా అని కసిరాను. పాపం, ఆయన తన తరగతికి పోయాడు.

చివరికి ఒక బొమ్మల సినిమా దొరికింది. ఒక ముసలితాత చనిపోయి కూడా ఇల్లు విడిచిపోడు. గిన్నెలు చప్పుడు చేస్తాడు, తలుపులు మెల్లగా వేస్తాడు. ఆయన కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి, అవి లేక దారి కనబడదు. మనవరాలు అద్దాలు వెతికి, పళ్లెంలో అన్నం పెట్టి, పక్కన పెడుతుంది. తాత వచ్చి, అద్దాలు పెట్టుకుని, అన్నం తిని, పిల్ల తల నిమిరి, వెలుగులోకి నడిచిపోతాడు. అరుపు లేదు, నెత్తురు లేదు. నా పరీక్షలన్నీ దాటింది. శబ్దం తీసేసి చూసినప్పుడు నాకే కళ్లు చెమర్చాయి. ఇంతకంటే మెత్తటి భూతం ఉండదనుకున్నాను.

శనివారం వేశాను. గిన్నెలు మోగినప్పుడల్లా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కిలకిల నవ్వారు. వైష్ణవి నవ్వలేదు, ఏడవలేదు, కళ్లార్పకుండా చూసింది. అందరూ బొమ్మలు గీస్తుంటే నా దగ్గరికొచ్చి తెలుగులో అడిగింది: "మేడం, ఆ తాత అద్దాలు దొరికేదాక పోడా?"

నేను ప్రొజెక్టర్ తీగ చుడుతున్నాను. "పోడు బిడ్డా. దొరికినంక బువ్వ తిన్నడు, పోయిండు. సూసినవు కదా" అన్నాను. తల ఊపి పోయింది. భయపడలేదని నాకెంత సంతోషమో!

సోమవారం వాన. హాజరులో వైష్ణవి లేదు. వానరోజు పిల్లలు ఆగిపోవడం మామూలే, గైర్హాజరు వేసి పాఠం మొదలుపెట్టాను. ఖిచిడీ వడ్డించే వేళకు లచ్చవ్వ గోనెసంచి నెత్తిన వేసుకుని వచ్చింది. "ఏంది మేడం, ఇయ్యాల బడిల వంట లేదా? పిల్ల ఇంట్ల బువ్వ పల్లెంల పెట్టుకొని వచ్చింది" అని అడిగింది.

పిల్ల బడికే రాలేదని చెప్పాను. పక్క వరసలో కూర్చున్న ఒక అమ్మాయి అందుకుంది: "వైష్ణవి వాళ్ల బాపుకు బువ్వ పెట్టొస్తనని చెప్పింది మేడం. పండ్లు వద్దని చెప్పాల్నట."

ఏం పండ్లని లచ్చవ్వ అడగలేదు. అక్కడే కూలబడింది. ఆకు కోయడానికి పోయిన పొద్దున మల్లేశ్ ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు కూతురు తునికి పండ్లు తెమ్మని అడిగిందట. అవి ఏరడానికే గుంపును విడిచి లోపలికి పోయాడు. కాకి ఎందుకు ముట్టలేదో ఊరంతా తర్జనభర్జన పడ్డది గాని, ఏడేళ్ల పిల్లకు ఆ రోజే తెలుసు. రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుంది. ఏం చేయాలో నేను గోడ మీద వేసి చూపించాను.

మరాఠీ సార్‌కు పిల్లలను అప్పగించి, వనరక్షకునికి ఫోన్ చేశాను. వనరక్షకుడంటే అడవిలో తనకిచ్చిన మేరను రోజూ నడిచి కాపలా కాసే ఉద్యోగి. మల్లేశ్ దొరికిన చోట చెట్టుకు ఎర్రరంగు గుర్తు వేసింది ఆయనే. పండ్ల మాట విన్నాక, పిల్ల అక్కడికే పోయి ఉంటుందనుకున్నాను. నలుగురు మగవాళ్లతో కలిసి డబ్బాలు, కర్రలు తీసుకుని బయలుదేరాం. డబ్బాలు కొడుతూ, గుంపు విడవకుండా నడవాలని ఆయన ఆజ్ఞ. బురదలో పిల్ల చెప్పుల అడుగులు ఉన్నాయి. కొంత దూరం పోయాక వాటి మీదుగా పులి అడుగులు కనబడ్డాయి. వనరక్షకుడు వంగి చూసి, తాజావి అని మాత్రం అన్నాడు. అక్కడినుంచి డబ్బాలు ఇంకా గట్టిగా కొట్టాం. నా జన్మలో అంత దూరం నేను నడవలేదు.

పిల్ల బతికే ఉంది. ఎర్ర గుర్తు చెట్టు కింద పళ్లెం పెట్టి, పిట్టకు పెట్టినప్పుడు పెద్దవాళ్లు నిలబడ్డట్టే దూరంగా నిలబడి ఉంది. బువ్వలో వాన నీళ్లు నిండాయి. వణుకుతోంది. నన్ను చూసి పరుగెత్తి రాలేదు.

"బాపు రాలేదు మేడం. మీరు చెప్పిండ్రు కదా" అంది.

ఎత్తుకున్నాను. దారిలోనే చెప్పాను, అబద్ధం చెప్పడానికి నాకిక మొహం లేదు. "చచ్చిపోయినోళ్లు రారు బిడ్డా. ఆ సినిమా ఉత్తది. మీ బాపు నీ మీద కోపంతోని లేడు. పండ్లు అడుగుడు తప్పు కాదు." నా భుజం మీద నుంచి అడిగింది: "మరి పిట్ట ఎందుకు ముట్టలేదు?"

కేంద్రప్రముఖ్, అంటే చుట్టుపక్కల బడుల మీది అధికారి, రాతపూర్వకంగా సంజాయిషీ అడిగాడు. సినిమా మాట రాస్తే అన్ని బడుల్లో తెరలు మూయిస్తారు, రాయకండి మేడం అని చెప్పాడు. నేను రాయలేదు. పిల్ల ఇంటినుంచి బయలుదేరి బడికి చేరలేదని, ఇంటివాళ్లు జాగ్రత్త వహించాలని రాశాను. ఒక్కొక్క మాటా నిజం, మొత్తం కలిపితే అబద్ధం. కింద లచ్చవ్వ వేలిముద్ర కావాలి. ఏం రాశానో ఆమె అడగలేదు. "మీరు రాసినంక ఇంకేంది మేడం" అని వేలు చాచింది. సిగ్గుతో చచ్చిపోయాను గాని, ముద్ర వేయించుకున్నాను. పిల్లను మేనమామ దగ్గరికి విసాపూర్ పంపించారు. బడి మార్పు కాగితం మీద కారణం గడిలో "కుటుంబ కారణం" అని నేనే నింపాను. పోయేదాకా ఆ పిల్ల తరగతిలో నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

రిటైరై ఇంట్లో ఉన్నా, చిన్న టీచర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, పిల్లలకు ఏ భూతం సినిమా వేయొచ్చు మేడం అని అడుగుతారు. నా పరీక్షలన్నీ చెబుతాను, అవి ఇప్పటికీ మంచివే. కానీ అవి భయాన్ని మాత్రమే కొలుస్తాయి. భయపడ్డ పిల్ల ఏడుస్తుంది, మనకు కనబడుతుంది. ఆశపడ్డ పిల్ల నిశ్శబ్దంగా ఉంటుంది, మనం ధైర్యమనుకుంటాం. తరగతిలో ఎవరింట్లో ఎవరు పోయారో, ఆ ఇంట్లో పిల్ల ముందు పెద్దలు ఏం మాట్లాడుకున్నారో తెలుసుకున్నాకే సినిమా ఏరాలి. అయిపోయాక ఒక పిల్ల దగ్గరికొచ్చి ఏదైనా అడిగితే, చేతిలో పని పక్కన పెట్టి, ఎవరి గురించి అడుగుతున్నవు బిడ్డా అని ముందు మనం అడగాలి. నేను అడగలేదు.