పత్తి ట్రాక్టరును చూడని కారు

నవ్వుకునేటోళ్లు ఇప్పుడే నవ్వుకోండ్రి, ముచ్చట ముంగటికి పోయినకొద్ది నాకే నవ్వు రాదు. మూడేండ్ల కింద నేను కొత్త కారు తీస్కపోయి, ఆగివున్న పత్తి ట్రాక్టరుకు గుద్దిన. పట్టపగలు. తాగలే, నిద్రపోలే, కండ్లు రెండూ మంచిగనే ఉన్నయి. బ్రేకు మీద కాలు మాత్రం లేదు, గంతే.

నేను శ్రీరాంపూర్ల బొగ్గుబాయిల పంపు ఆపరేటర్ను. నీళ్లు నిండితే మా మోటరు దానంతటదే నడుస్తది, తగ్గితే దానంతటదే ఆగుతది. పదేండ్లు దాని పక్కన కుర్చేసుకొని కూసున్నోనికి ఏం బుద్ధి పుడ్తది చెప్పుండ్రి? లోకంల మిషిన్లన్నీ గట్లనే ఉంటయనిపించింది. కారు చూడనీకి పోతే షోరూమాయన, "సార్, ఇది అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్. స్పీడు పెట్టి వదిలేయుండ్రి. ముంగటి బండి నెమ్మదైతే మీదీ నెమ్మదైతది, అది ఉరికితే మీదీ ఉరుకుతది" అన్నడు.

"అంటే మా పంపే గదా!" అన్న.

ఆయనకేం సమజైందో ఏమో, "అవును సార్" అన్నడు.

బండి చేతికి రానీకి నెల పడ్తదన్నరు. గప్పుడే ఆసిఫాబాద్ నుంచి కాసీం మామ ఫోన్ చేసిండు. మామ, మా బాపు బాయిల జోడీ. ఇద్దరు కలిసి ముప్పై ఏండ్లు పట్టాల మీద నడిచే ఒక్క టబ్బుల బొగ్గు నింపినోళ్లు, ఒక్క డబ్బల తిన్నోళ్లు. రిటైరైనంక మామ సొంతూరికి పోయిండు. "పానం బాగుంటలేదు, ఒకసారి వచ్చి పో" అన్నడట. బాపు తువ్వాల భుజాన ఏసుకొని బయలెల్లిండు.

"యాడికి బాపూ?"

"బస్టాండుకు."

"గా ఎర్రబస్సుల నడుం ఇరగ్గొట్టుకుంటవా? కొత్త కారొస్తున్నది, ఏసీల తీస్కపోత. జర ఆగు."

ఆలస్యం అమృతం విషమన్నరు పెద్దలు. నేను ఏసీ పెట్టుకుంటే విషం గూడ సల్లగుంటదనుకున్న. బాపు తువ్వాల తీసి దండెం మీద ఏసి, "కాసీం, పోరడు కారు కొంటుండు, అండ్లనే వస్త" అని ఫోన్ చేసిండు.

కారొచ్చింది. వచ్చిన్నాడే పోతే అయిపోవు. పూజ గాకుండ పొలిమేర దాటొద్దని, మంచిరోజు చూసి రెండు రోజులు ఆపిన. మూడోనాడు పొద్దుగాల మామ కొడుకు ఫోన్ చేసిండు. మామ లేడు. మధ్యాహ్నం జొహర్ నమాజైనంక మట్టి ఇస్తరట.

బాపు ఏడ్వలే. "మొఖం సూస్త గదరా?" అన్నడు.

"ఫికర్ చెయ్యకు. టయానికి అక్కడుంటం" అన్న.

పద్దెనిమిది నిమ్మకాయల దండతోని కారు బయలెల్లింది. రోడ్డెక్కంగనే బటన్ నొక్కి ఎనభై పెట్టిన. బాపు మనసు మళ్లియ్యాలని, "నా కాళ్లు చూడు బాపూ, రెండూ ఖాళీ. బండే పోతున్నది" అన్న.

"బ్రేకు మీద కాలు పెట్టు బిడ్డా."

"అవసరం లేదే."

"టబ్బులు గుంజే తాడు తెగదని ఒట్టు పెట్టినోడు గూడ, బాయిల జర పక్కకు జరిగే నిలవడెటోడురా."

నేను ఇన్నట్టు తలకాయ ఊపిన. కాలు ఊపలే.

బెల్లంపల్లి దాటినంక ఓ తెల్ల వ్యాను ఎనుకనే పోతున్నం. అది నెమ్మదైతే మాదీ నెమ్మదైతున్నది. నేను మీసం దువ్వుకుంటున్న. ముంగట జిన్నింగ్ మిల్లు. పత్తి దింపనీకొచ్చిన ట్రాక్టర్లు లైను గట్టి రోడ్డు మీది దాంక వచ్చినయి. వ్యానాయన చూసి టక్కున పక్కకు తప్పిండు. మా బండికి వ్యాను పోయిందని తెలిసింది గని, దాని ముంగట ట్రాక్టరు ఆగివున్నదని తెల్వలే. రోడ్డు ఖాళీ అయిందనుకొని ఇంకింత జోరందుకున్నది!

"ఓరి, ట్రాక్టర్రా!" అని బాపు ఒర్లిండు.

"అదే ఆగుతది బాపూ!"

నా తెలివికి అదే ఆఖరి మాట. బ్రేకు తొక్కేసరికి కారు ముక్కు పోయి ట్రాలీ కింద దూరింది. అద్దం పగిలింది, పైకెల్లి పత్తి కుప్పవడ్డది. దేవుని దయ, ఇద్దరికి దెబ్బలు తాకలే. బయటకొచ్చినంక చూస్తే బాపు మీసాల కాడికెల్లి కాళ్ల దాంక తెల్లగున్నడు.

ట్రాక్టరాయన ఉరికొచ్చిండు. "కండ్లు కనవడ్తలేవానే? గింత పెద్ద ట్రాక్టరుండె గదా!"

"బండికి కనవడలే అన్నా."

"బండికి కండ్లెక్కడియే? తోలేది నువ్వా, అదా?"

లైన్లున్న రైతులంత పక్కున నవ్విండ్రు.

కారు కదలలే. పోయే బండ్లకు చెయ్యెత్తితే ఒక్కటీ ఆగలే. బాపు రోడ్డు పక్కన కూసొని, "కారుతోని ఓ బుక్కిచ్చిండ్రు గద, తే" అన్నడు. తెచ్చి సదివిన. నా గొంతు చిన్నగైంది.

"గట్టిగ సదువు."

"ఆగివున్న బండ్లను ఇది గుర్తుపట్టకపోవచ్చు, తోలేటోడే బ్రేకు కొట్టాలె అని రాసిండ్రు."

"ఏడనో మూలకు రాసిండ్రా?"

"లేదు బాపూ. డబ్బ గీసి రాసిండ్రు."

బాపు బుక్కు తీస్కొని మూసి మళ్ల నా చేతులనే పెట్టిండు. నాలుగు తిట్లు తిట్టినా నా పానం నిమ్మలమయ్యేది.

ఆఖరికి ఓ ఆటో దొరికింది. అది ప్రతి ఊరికాడ ఆగుకుంట పోయింది. మేం చేరేసరికి జనం కబరస్తాన్ కెల్లి మర్లి వస్తున్నరు. బాపు లోపలికి పోయి, మూసిన మట్టి మీద ఇంకో పిడికెడు మట్టేసి నిలవడ్డడు. "మొఖం సూడకపోతిరా కాసీం" అని గప్పుడు ఏడ్చిండు. ముప్పై ఏండ్ల బొగ్గు మసిల గూడ గా మొఖం గుర్తువట్టినోడు నా బాపు.

మామ ఇంటికి పోతే అత్త, "అర్ధగంట ఆపినం అన్నా, ఇంకెక్కువ ఆపరాదన్నరు. ఏమైంది?" అన్నది.

నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నడు. "నాదే తప్పు చెల్లె. తొవ్వల నాకు కండ్లు తిరిగినయి, పోరడు పాపం నన్ను కూసోవెట్టిండు."

"నెల దినాలు కారు చప్పుడైతే సాలు, మంచంల లేసి కూసునెటోడు. 'నా జోడీ వచ్చిండు, చాయ్ పెట్టు' అనెటోడు." అత్త కొంగుతోని కండ్లు తుడ్సుకొని నా దిక్కు చూసింది. "కారు యాడ పెట్టినవు కొడుకా? ఎండకు పెట్టకు, కొత్తది గద."

"నీడకే పెట్టిండు చెల్లె" అన్నడు బాపు.

నేను గోడ ఎనుకకు పోయి, ఎక్కెక్కి ఏడ్చిన.

బాపు ఇప్పటిదాంక గా ముచ్చట ఎవ్వలకు చెప్పలే, గందుకే నేను చెప్తున్న. ఇగ మీ అందరి ముంగట, మా పంపు మీద చెయ్యేసి ఒట్టు పెడ్తున్న. ఎంత కొత్త బండైనా బ్రేకు మీదికెల్లి కాలు తియ్య. పానం బాగలేదు, వచ్చి పో అని ఎవలన్న అంటే, మంచిరోజు చూడ, ఏసీ చూడ, మొదలొచ్చిన బస్సే ఎక్కుత. సీటు లేకుంటే నిలవడి పోత.