పాటలో బస్సు ఆగే చోటు

ఉదయం ఏడూ ఇరవైకి ఉదయగిరి బస్సు ఆత్మకూరు బస్టాండులోంచి బయటికి వచ్చింది. కిటికీ పక్క సీటులో నా సంచి పెట్టుకున్నాను. కండక్టరు ఒక టికెట్టే కొట్టి ఇచ్చాడు. నా భార్య పోయాక నేను బడికి వెళ్లిన మొదటి రోజు అది.

ఇద్దరం ఉదయగిరిలో టీచర్లం, వేరువేరు బళ్లలో. పిల్లల చదువుల కోసం ఆత్మకూరులో కాపురం పెట్టి, రోజూ ఆ బస్సులో వెళ్లి వచ్చేవాళ్లం. ఇంట్లో మంచం పట్టిన మా అమ్మ, ఇద్దరు పిల్లలు. నేను నీళ్లు పట్టి పిల్లలను తయారు చేసేలోపు ఆమె వంట ముగించి, అమ్మకు ఒళ్లు తుడిచి, నాలుగు క్యారియర్లు సర్దేది.

ఆమెకు పాటలు కట్టడం ఇష్టం. మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ స్త్రీల సమాజం ఒక కొత్త పాట పాడుతుంది. ఎప్పుడూ ఎక్కడినుంచో తెచ్చుకున్న పాటలే. ఒక్కసారైనా తన పాట పాడించాలని ఆమె కోరిక. ఇంట్లో కూర్చుంటే పల్లవి దాటేది కాదు.

"ఇంట్లో ఎవురో ఒకరు పిలస్తానే ఉంటారు. బస్సులో నన్నెవురు పిలస్తారు?" అంది ఒకసారి.

అట్లా ఆ పాట బస్సులో తయారైంది. నేను పుస్తకం తెరిచేవాణ్ణి, ఆమె కిటికీ వైపు తిరిగేది. కుదుపులకు రాయడం కుదరదు కాబట్టి ఇంజను చప్పుడు చాటున కూనిరాగం తీసుకునేది. పక్కనున్న నాకే సరిగా వినపడేది కాదు. దారిలో ఒక పల్లె దగ్గర డ్రైవరు ఇంజను ఆపి టీకి దిగేవాడు. నలుగురూ వింటారని ఆమె అక్కడ నోరు మూసుకునేది. చివరి చరణంలో మూడో పాదం ఎప్పుడూ ఆ పల్లె దగ్గరే వచ్చేది. సగం పాదం అక్కడ ఆగేది, మిగతా సగం బస్సు కదిలాక వచ్చేది. ఆర్నెల్లకు పాట పూర్తయ్యేసరికి ఆ ఖాళీ కూడా పాటలో కుదురుకుపోయింది. ఆడవాళ్లకు అట్లాగే నేర్పింది.

"ఏమక్కా, ఆడ ఊపిరి పీల్చుకోమంటావా, చచ్చిపొమ్మంటావా?" అని ఒకామె ఎగతాళి చేసింది.

పాస్టరుగారు మాత్రం మెచ్చుకున్నారు. "ధ్యానించుకునేదానికి వదిలినావా అమ్మా?"

"లేదయ్యగారూ. ఆడ డ్రైవరు టీ తాగతాడు."

అందరూ నవ్వారు. అయినా ఆ ఖాళీని ఎవరూ తీసెయ్యలేదు. కొత్త పాటతోపాటు దాన్నీ ఏటా పాడేవాళ్లు. ఆ చోటు రాగానే చర్చి అంతా రెండు ఊపిరుల సేపు ఆగేది. పిల్లలకు కూడా తెలుసు.

రెండేళ్ల కిందటి వేసవిలో ఆమె జబ్బుచేసి పోయింది. నెల కూడా పట్టలేదు. ఇంట్లో జరిగిన ఆదరణ కూడికలో ఆడవాళ్లు ఆ పాటే పాడారు. ఆ చోట ఆగారు. ఫ్యాను చప్పుడు వినపడింది. ఆమె మిగిల్చి వెళ్లిన వాటిలో చీరలకంటే, ఫోటోలకంటే ఆ కాస్త ఖాళీ నాకు ఎక్కువనిపించింది. అదొక్కటి ఉంటే చాలనుకున్నాను.

ఆ డిసెంబరులో మా అబ్బాయి కీబోర్డు తీసుకుని నెల్లూరు నుంచి వచ్చాడు. అతనికీ ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు.

"నాయనా, ఆడ ఖాళీ ఉంటే కొత్తోళ్లు తప్పు పాడినామనుకుంటా ఉండారు. మ్యూజిక్కు పెట్టినా, విను. అమ్మ పాట గదా, బాగుండాల."

చిన్నది ఒళ్లో నిద్రపోతుంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో వాయించాడు. నాలుగు ఆదివారాలు దీనికే కూర్చున్నానన్నాడు. ఆత్మకూరులోనే చదువుకున్నాడు కాబట్టి అతను మాతో ఆ బస్సు ఎక్కలేదు. ఆ ఖాళీ ఎక్కడినుంచి వచ్చిందో చెబుదామనుకున్నాను. ఒళ్లో పిల్లను చూసి ఊరుకున్నాను.

"బాగుందిరా" అన్నాను. నిజంగానే బాగుంది.

ఆ క్రిస్మస్‌కు అట్లాగే పాడారు. ఇద్దరు ముసలమ్మలు మాత్రం పాత చోట ఆగి, వెనకబడి, మళ్లీ అందుకున్నారు. పోయిన క్రిస్మస్‌కు వాళ్లకూ అలవాటైంది.

బస్సు ఇప్పటికీ ఆ పల్లె దగ్గర ఆగుతుంది. పాటలో ఎవరూ ఆగడం లేదు.