బాబ్జాన్ బండి వదిలిన రోజు

బాబ్జాన్ జగ్గయ్యపేటలో ఇరవై ఏళ్లు అద్దెకారు తోలాడు. వేదాద్రికీ, అమరావతికీ ఎంతమందిని తిప్పాడో లెక్కలేదు గానీ, తాను మాత్రం ఏ ఊరూ చూడలేదు. అందరినీ దించేసి, "మీరు వెళ్లిరండి, బండి నేను చూసుకుంటా" అని కారు దగ్గరే ఉండిపోయేవాడు. పెళ్లైన కొత్తలో భార్య అమీర్‌బీని అమరావతి తీసుకెళ్లి, ఒక్కదాన్నే ఊరు చూసి రమ్మన్న మహానుభావుడు! ఆ మంట ఆమెకు ఇంకా చల్లారలేదు.

తర్వాత కారు అమ్మేసి నందిగామలో సిమెంటు షాపు పెట్టాడు. నిరుడు టార్గెట్ దాటిన డీలర్లను కంపెనీ జంటలుగా యూరప్ టూరుకు పంపింది. అమీర్‌బీ ముందే మాట తీసుకుంది.

"ఈసారి నాతోనే తిరగాలి. బండీ గిండీ అన్నారంటే ఊరుకోను."

"మన బండి అయితే కదా!" అని నవ్వాడు.

చెక్ దేశంలో చెస్కీ క్రుమ్లోవ్ అనే పాత ఊరు. ఎర్ర పెంకుల ఇళ్లు, బండరాయి మీద కోట, ఊరిని చుట్టుకుని పారే ఏరు. బస్సు దిగగానే టూరు మేనేజరు ప్రమీలారాణి గట్టిగా చెప్పింది. "నాలుగింటికి ఇక్కడే ఉండాలి. బస్సు ఎవరి కోసమూ ఆగదండీ."

వంతెన మీద అమీర్‌బీ కోటను ఫోటో తీసి వెనక్కి తిరిగింది. మొగుడు లేడు.

ముందు తిట్టుకుంది. కాసేపటికి గుర్తొచ్చింది. ఆయన ఫోనూ, షుగరు మాత్రలూ ఆమె సంచిలోనే ఉన్నాయి. ఆ మనిషికి వచ్చిన ఇంగ్లీషు యస్సూ నోవూ! రాళ్లు పరిచిన సందుల్లో చెప్పులు జారుతుంటే పరుగెత్తింది. కనపడిన ప్రతి తెల్లచొక్కా దగ్గరకూ వెళ్లి చూసింది. ఒకసారి ఏట్లోకి తొంగిచూసి, అలా చూసినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

నాలుగింటికి అందరూ చేరారు. ఆయన రాలేదు.

"బస్సు రాగానే మీరు ఎక్కండి. పోలీసులకు ఫోన్ చేస్తున్నా" అంది ప్రమీలారాణి.

"ఆయన లేకుండా నేను ఎక్కను. కావాలంటే మీరు పోండి!" అంది అమీర్‌బీ.

అప్పుడు మలుపు తిరిగి బస్సు వచ్చింది. డ్రైవరు పక్క సీట్లో బాబ్జాన్!

డీలర్లంతా గొల్లున నవ్వారు. అమీర్‌బీ ఏడ్చేసింది.

"మనల్ని దించి బస్సు ఎటో పోతోంది. సామానంతా అందులోనే ఉంది కదా అని వెంటపడ్డా. ఎక్కడో పార్కింగులో పెట్టాడు. తిరిగి ఎటు రావాలో తెలియలా" అన్నాడు బాబ్జాన్ తల దించుకుని. "ఎలాగూ ఇక్కడికే వస్తుందని బండి దగ్గరే ఉన్నా."

"నేను చచ్చిబతికా. మీకు నాకన్నా బండే ఎక్కువ. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

ఆయన ఆమె కాళ్లు చూశాడు. ఒక చెప్పు తెగిపోయి ఉంది. ప్రమీలారాణి వైపు తిరిగాడు.

"మేడమ్, పది నిమిషాలు ఆపించండి. ఆ వంతెన దాకా పోయొస్తాం."

ఆమె గడియారం చూసి, అమీర్‌బీని చూసి, విసుగ్గానే తలూపింది.

బాబ్జాన్ తన చెప్పులు విడిచి భార్య ముందు పెట్టాడు. తర్వాత ఆ తెల్ల డ్రైవరు భుజం తట్టి, అచ్చ తెలుగులో అన్నాడు.

"తమ్ముడూ, బండి చూస్తుండు."