రాజమణక్క కోరిన క్లచ్

మొన్న పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. మనవరాలు కారు నడుపుతోంది, నేను పక్క సీట్లో ఉన్నాను. ముందున్న లారీ ఒకటి నిండు బరువుతో ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే దాని కింది నుంచి ఒక వాసన వచ్చింది. గోనెపట్టా, వెంట్రుకలూ కలిపి కాల్చినట్టు ఉంటుంది ఆ వాసన. మనవరాలు ముక్కు చిట్లించి అద్దం ఎక్కించింది. నాకు మాత్రం కడుపులో పాత మంట ఒకటి లేచింది. అది క్లచ్ ప్లేటు కాలే వాసన. ఆ వాసన తగిలితే చాలు, నాకు రాజమణక్క గుర్తొస్తుంది. ఆమె గుర్తొచ్చిన మరుక్షణం అసూయ కూడా వస్తుంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ కబురు నా అసూయకు ఇంకా అందినట్టు లేదు.

రాజమణక్క మా బావగారి భార్య, నాకు తోడికోడలు. మాది సంగారెడ్డిలో పప్పుల వ్యాపారం, పటాన్‌చెరులో పప్పు మిల్లు. బావగారికి చిన్న వయసులోనే చూపు మందగించింది. ఎదురుగా వచ్చేది లారీయో ఎడ్లబండో ఆయన తేల్చుకునేలోపు అది పక్క నుంచి వెళ్లిపోయేది. అందుకని రోజూ మిల్లుకు కారు అక్కే నడిపేది. జహీరాబాద్‌లో ఆమె తండ్రికి లారీలుండేవి, పెళ్లికి ముందే స్టీరింగు పట్టిన మనిషి. కొంగు నడుముకు దోపి ఆమె కారు తోలుతుంటే సంగారెడ్డి బజార్లో తూకాలు ఆగిపోయేవి. నేను సిద్దిపేట నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. నా చేతి వంట బాగుంటుంది, పాటలు పాడతాను, పదో తరగతి పాసయ్యాను. అక్క ఐదుతో ఆపేసింది. అయినా మామగారు పొద్దున లేస్తే అడిగేది ఒక్కటే, "రాజమణి బండి తీసిందా?" అని. ఇక నా భర్త సంగతి చెప్పనే అక్కర్లేదు. "మా వదిన గేరు మారిస్తే గ్లాసుల నీళ్లు కూడ కదలవు తెలుసా," అన్నాడొకసారి భోజనం దగ్గర. పరాయి ఆడదాన్ని పొగిడితే దులిపేసేదాన్ని, సొంత వదినను పొగిడితే ఏమంటాను? ఆ పూట ఆయన గ్లాసులో నేను పోసిన నీళ్లు సగం కంచంలో పడ్డాయి.

నిజం చెప్పాలంటే నాకు ఆ కారు నడపాలని ప్రాణం కొట్టుకునేది. ఎవరితో అంటాను? మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుంటే కొట్టంలో పెట్టిన కారులో ఎక్కి కూర్చునేదాన్ని. అక్క పొడగరి, నేను పొట్టి. సీటు ముందుకు లాక్కుని, కాలు పెడల్ మీద ఆనించి, స్టీరింగు పట్టుకుని కాసేపు ఊరకే ఉండి దిగిపోయేదాన్ని. దిగేటప్పుడు సీటు మళ్లీ వెనక్కి నెట్టాలన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

అలా ఉండగా పెట్రోలు ధర ఒక్కసారిగా మండిపోయింది. మాది ఎవరో జాగీర్దారు అమ్ముకున్న పాత అమెరికా కారు, పడవంత ఉండేది. బావగారు అందులోని పెట్రోలు ఇంజను పీకించి డీజిల్ ఇంజను పెట్టించారు. అప్పట్లో చాలామంది అలాగే చేశారు. ఇంజను కుదిరింది కాని దాని బలానికి పాత క్లచ్ తాళలేదు. ఇంజను బలాన్ని చక్రాలకు అందించాల్సింది ఆ క్లచ్చే. అది పట్టు తప్పి జారితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. మిల్లు దారిలో రుద్రారం ఎత్తు మీద మాకు రోజూ అదే గోల, అదే వాసన. చివరికి పటాన్‌చెరులో ఖాజా మియా మెకానిక్ షెడ్డుకు పోయాం. ఆ రోజు మిల్లులో పూజ ఉండడం వల్ల నేనూ వెంట ఉన్నాను.

ఖాజా మియా కారు కింది నుంచి లేచి చేతులు తుడుచుకున్నాడు. "రెండు తీర్లు చెయ్యొచ్చు సేట్. క్లచ్‌కు లారీ స్ప్రింగుల సెట్టు వేస్తే జిందగీల జారది, బస్తాలు వేసుకొని పోయినా ఫికర్ లేదు. కాని పెడల్ రాయి తీరు ఉంటది, బజార్ల ఆపి తీసినప్పుడల్ల బండి దుంకుతది. జీపుది వేస్తే మెత్తగ ఉంటది, ఆరాంగ కదులుతది. కాని బరువు మొయ్యది, జల్దీ అరుగుతది. ఎవరు తోలుతరో చెప్పున్రి, గదే వేస్త."

"లారీదే వెయ్యి," అన్నారు బావగారు. "మా ఆమె తోలుతది. ఆమె కాలుకేం తక్కువ?"

షెడ్డులో లారీ స్ప్రింగులు వేసిన వ్యాను ఒకటి నిలబడి ఉంది. తొక్కి చూడమన్నాడు ఖాజా మియా. అక్క ఎక్కి పెడల్ అడుగంటా తొక్కింది. తొక్కి అలాగే పట్టుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ, అతని బిడ్డకు సంబంధం కుదిరిందా అని తీరిగ్గా అడిగింది. షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది. "మాషా అల్లా!" అన్నాడు ఖాజా మియా. బావగారు తానే తొక్కినట్టు మీసం సవరించుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్క దిగి నా వైపు తిరిగింది. "సుగుణా, నువ్వు తొక్కి సూడు."

"నేనెందుకక్కా?"

"ఎక్కు పిల్లా."

ఎక్కాను. బలమంతా పెట్టి తొక్కాను. సగం దాకా పోయిందో లేదో మోకాలు వణికింది, ఆ పెడల్ నా కాలిని ఎత్తి కొట్టింది. చెప్పు ఎగిరి ఎక్కడో పడింది. బావగారికి చెప్పు సరిగా కనబడలేదేమో గాని నవ్వడం మాత్రం బాగానే నవ్వారు. నేను తలెత్తలేదు. అందరి ముందూ నన్ను తక్కువ చేయడానికే ఎక్కించిందని అనుకున్నాను.

అక్క చెప్పు వెతికి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. "జీపుది వెయ్యి మియా," అంది.

"ఏంది?" అన్నారు బావగారు. "నువ్వు తొక్కితివి గద!"

"నేను తొక్కిన. ఈమెతోని అయితలేదు."

"ఈమెతోని ఎందుకు గావాలె? ఈమె తోలుతదా?"

"తోలుతది," అంది అక్క. "సీటు రోజు ముందుకు ఎవరు జరుపుతున్నరో నాకు ఎరుక లేదా?"

భూమి చీలిపోతే బాగుండునని అనిపించింది. మీరు ఈ మాట చదివి, నేను కృతజ్ఞతతో కరిగిపోయి ఉంటానని అనుకుంటే పొరపాటు. దాచుకున్న కోరికను కూడా నాకంటే ముందు ఆమే బయటపెట్టిందే అని మండిపడ్డాను. పైగా, సుగుణ కాలు బలం లేకనే మన కారు బస్తాలు మోయదని ఇంట్లో ఒక మాట పుట్టి చాలాకాలం బతికింది.

మిల్లు వెనుక కందులు ఆరబోసే కల్లంలో నాకు డ్రైవింగ్ నేర్పింది అక్క. మొదట్లో నేను కాలు తీసిన ప్రతిసారీ కారు కుప్పిగంతులు వేసి ఆగిపోయేది. కసిరితే ఎదురు కసరవచ్చని చూసేదాన్ని. ఆమె కసరలేదు. "క్లచ్ పట్టుకునే జాగ కంటికి కనవడది. కాలికి తెలుస్తది. నీ కాలు మాట ఇను," అనేది. తీరా కదిలాక నేను భయంతో ఎడమ కాలు పెడల్ మీదే ఉంచుకునేదాన్ని. "పనైనంక కాలు తియ్యి సుగుణా. ఊకె దాని మీద పెట్టుకొని కూసుంటే లోపల్లోపల కాలుతనే ఉంటది. ఎవరికి నష్టం?" ఆమె అన్నది క్లచ్ గురించే. అయినా నాకు తగలాల్సిన చోట తగిలి మొహం తిప్పుకున్నాను.

బావగారు ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. ఒకరోజు మిల్లు నుంచి నేనూ వాళ్లతో ఇంటికి బయలుదేరితే, మాట వినకుండా వెనుక సీటులో, డిక్కీలో పప్పు బస్తాలు వేయించారు. రుద్రారం ఎత్తులో క్లచ్ జారింది, కారు పొగ వాసనతో నిండిపోయింది. "లారీది వేయమంటే ఇన్నవా?" అని ఆయన మొదలుపెట్టారు. అక్క కారు పక్కకు ఆపి, రోడ్డు పని చేసే మనుషులను పిలిచి బస్తాలన్నీ దింపించింది. తర్వాత ఆయన వైపు తలుపు తెరిచి, "మీ లారీ క్లచ్ వచ్చేదాక మీరు గూడ ఈడనే కూసోండి," అంది. నిజంగానే దింపేసి నాతో వచ్చేసింది. సాయంత్రం ఆయన ఏదో లారీ ఆపుకుని బస్తాలతో సహా ఇంటికొచ్చారు, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆయనను దింపి వస్తున్న దారిలో నేను అసూయతో ఉడికిపోయాను. మొగుడిని బస్తాల పక్కన దింపి రాగల ధైర్యం ఈమెకెందుకుంది, నాకెందుకు లేదు అనుకున్నాను.

నేను మొదటిసారి సంగారెడ్డి బజార్లో కారు తోలిన రోజు మామగారు వెనుక కూర్చున్నారు. గేదెలు, జట్కాలు, సైకిళ్లు, సంత జనం. ఆపడం, కదలడం, మళ్లీ ఆపడం. ఒక్కసారి కూడా కారు దుంకలేదు. ఇంటి ముందు ఆపి, మెచ్చుకోలు కోసం వెనక్కి తిరిగి చూశాను. మామగారు కర్ర ఊతంగా దిగుతూ, "శెభాష్! రాజమణి మంచిగ నేర్పింది," అన్నారు. ఏం చేయను చెప్పండి!

ఇప్పటికీ అదే వరస. ఈ మనవరాలికి పాత కారులో ఓపికగా డ్రైవింగ్ నేర్పింది నేను. కాని మొన్న పండగకు కలిసిన చుట్టాలంతా, "అచ్చం రాజమణమ్మ తీరు తోలుతున్నది," అన్నారు. కాదందామని నోరు తెరిచాను. నేర్పేటప్పుడు నా నోటి నుంచి వచ్చినవన్నీ ఆమె మాటలేనని గుర్తొచ్చి మూసుకున్నాను.

లారీ ఎలాగో ఎత్తు ఎక్కింది. మా కారు కదలబోతుంటే నా ఎడమ కాలు తనంతట తాను కింద పరిచిన పట్టాను నొక్కింది. మనవరాలు చూసి నవ్వింది. "నానమ్మా, ఇది ఆటోమేటిక్. దీంట్ల క్లచ్ లేదు!"

ఆ అమెరికా కారు అమ్మేసేదాకా మేమిద్దరం నడిపాం. నేను దిగాక అక్క తానే సీటు వెనక్కి జరుపుకునేది. క్లచ్‌ను మాత్రం అలా జరుపుకునే వీల్లేదు కదా. లారీ స్ప్రింగులను ఒంటి కాలితో అణచిపెట్టి కబుర్లు చెప్పిన మనిషి, అన్నేళ్లూ నా కాలికి సరిపోయే పెడల్నే తొక్కింది. అది అరిగినప్పుడల్లా బావగారి చేత మాట పడింది. ఆమె డ్రైవింగ్ మీద, పొడవు మీద, ధైర్యం మీద నాకున్న అసూయలన్నీ వయసుతో పాటు అరిగిపోయాయి. ఆ క్లచ్ కోరినందుకు పుట్టిన అసూయ ఒక్కటే అరగలేదు. ఇంకొకరి కాలికి తగ్గట్టు నా బండిని మెత్తగా చేయించిన రోజు నా బతుకులో ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంటాను. దొరకదు. పనైనంక కాలు తియ్యాలి కదా, పట్టా మీద నుంచి తీసేశాను.