చెరువు పక్కన డేరా, ఇంటి నుంచి డ్రమ్ము

దోమల విషయంలో మా కాలనీలో నన్ను మించిన మేధావి లేడని ఏడాది పాటు గట్టిగా నమ్మాను. ఆ మేధస్సు ఊరికే రాలేదు. అంతకు ముందు సంవత్సరం మా అమ్మాయికి డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని సెలైన్ చుక్కలు చూస్తూ నేను మొక్కని దేవుడు లేడు. అంత భయం నా బతుకులో ఎప్పుడూ పడలేదు. ఇంటికొచ్చాక ఆ భయమంతా పాండిత్యమైంది. దోమల మీద ఫోనులో దొరికిన ప్రతి వీడియో చూశాను. వేపనూనె, వెల్లుల్లి, వావిలాకు, నిమ్మగడ్డి, ఏది అడిగినా నోటికొచ్చేది. అడిగేవాళ్లు లేకపోతే నేనే ఆపి చెప్పేవాణ్ణి. పాలవాడు మా ఇంటి ముందు బండి ఆపకుండా ప్యాకెట్టు గేటు మీదుగా విసిరి పోవడం అప్పుడే మొదలుపెట్టాడు.

ఆ దోమ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నేనే తేల్చాను. స్కూలు గ్రౌండు పక్కన మురికి గుంట ఉంది. మా అమ్మాయి రోజూ సాయంత్రం అక్కడే ఖోఖో ఆడేది. పోల్ దగ్గర తిరిగితే ఎవరికీ అందదని వాళ్ల పీఈటీ సారు చెప్పేవాడు. ఆట మాన్పించేశాను. నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఐదో రోజు తిన్నది గానీ, నాతో మాట్లాడటం తగ్గించింది. దారికొచ్చింది అనుకున్నాను. ఆ ఏడు జిల్లా సెలెక్షన్లకు ఆమె లేకుండానే టీము పోయింది.

మరుసటి ఏడాది వానలు బాగా పడి బుక్కరాయసముద్రం చెరువు నిండింది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావమరిది సెలవు పెట్టి, సంచిలో మడిచిన డేరా ఒకటి తెచ్చాడు. చెరువు పక్కన ఒక రాత్రి ఉందామన్నాడు. నేను వద్దనేలోపు మా అమ్మాయి నోరు విప్పింది.

"నాయనా, నీకు దోమల సంగతంతా తెలుసు గదా. ఆడ ఒక్క రాత్రి నన్ను దోమ కుట్టకుండా చూడు. కుట్టకపోతే సోమవారం నుంచి ఖోఖోకు పంపిస్తావా?"

పంపిస్తానన్నాను. నిజం చెప్పాలంటే ఖోఖో కంటే నా విద్యను పరీక్షించుకునే అవకాశం నాకు ముద్దొచ్చింది.

బయల్దేరేటప్పుడు మా సరంజామా చూసి ఆటో అతను అడిగాడు, "ఏమన్నా, ఇల్లు మారుతాండారా?" నిమ్మకాయలు కోసి లవంగాలు గుచ్చి పళ్లెంలో పెట్టాను. కొబ్బరినూనెలో వేపనూనె కలిపి ముగ్గురికీ తలనుంచి కాలిదాకా పట్టించాను. పచ్చి వెల్లుల్లి తింటే చెమట వాసనకు దోమలు రావని పొద్దున్నుంచీ నములుతూనే ఉన్నాను. అన్నిటికంటే ముందు ఎక్కించింది మాత్రం నీళ్ల డ్రమ్ము. చెరువు దగ్గరికి పోతూ నీళ్లెందుకు బావా అని బావమరిది నవ్వాడు. వాడికి బెంగళూరు నీళ్లు ఒంటబట్టాయి. అనంతపురం మనిషి పెళ్లికి పోయినా పెరట్లో డ్రమ్ము నిండిందో లేదో చూసే పోతాడు. కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? మా ఇంట్లో డ్రమ్ములు వరసగా ఉంటాయి. కొత్త నీళ్లొస్తే పాత నీళ్ల మీదే పడతాయి తప్ప పాతవి పారబోయడం మా వంశంలో లేదు.

డేరా ఎక్కడ వేయాలన్న దగ్గర నేను ఎవరి మాటా వినలేదు. సరిగ్గా నీళ్ల అంచున వేయించాను. అన్ని వీడియోల్లోనూ నీళ్లకు దూరంగా ఉండమనే చెప్పారు, నాకు కంఠతా వచ్చు. కానీ ఏళ్ల తరబడి పగుళ్లిచ్చిన చెరువును చూసిన కళ్లు ఇవి. అంత నీళ్లు కళ్ల ముందు ఊగుతుంటే దూరంగా పోయి పడుకోమని నాకెవరు చెప్పగలరు? వాటి పక్కన కూర్చుంటే కడుపు నిండినట్టుంది.

పొద్దు వాలగానే దోమలు కూడా భోజనానికి వచ్చాయి. నల్ల బనియను, మోకాళ్ల దాకా నిక్కరు వేసుకున్న బావమరిదిని ముందు వడ్డించుకున్నాయి. నా లవంగాల నిమ్మకాయ మీద ఒక దోమ దర్జాగా వాలి కాళ్లు సర్దుకుంది. వెల్లుల్లి మాత్రం బాగా పనిచేసింది. బావమరిది నాకు పది గజాల దూరం జరిగాడు. మా అమ్మాయి దుప్పటి ముసుగేసుకుని, కళ్లు మాత్రం బయట పెట్టి కూర్చుంది.

అప్పుడే పైన వేరుశనగ పీకిన చేనులోకి గొర్రెల మంద తోలుకొచ్చిన పెద్దాయన మా చప్పట్లు విని దిగి వచ్చాడు. ఆ చేనులో ఎరువు కోసం మంద కట్టించుకుంటున్నాడట దాని రైతు.

"ఏమప్పా, భజన చేస్తాండారా?"

విషయం చెప్పాను. నేను వాడిన ప్రకృతి పద్ధతులన్నీ కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అవన్నీ సరే సారూ. నీళ్ల మూతి కాడ పండుకుని కుట్టొద్దంటే అవి యాడికి పోతాయి? గాలి తగిలే గట్టు మీదికి రాండి. గాలిలో దోమ నిలబడదు."

డేరా, డ్రమ్ము మోసుకుని ఆయన వెనకాల చేను గట్టెక్కాం. ఎండు పేడ మీద వేపమండలు వేసి, గాలి వచ్చే పక్క పొగ పెట్టాడు. బావమరిదికి ఒక పాత కంబళి ఇచ్చి కాళ్లు కప్పుకోమన్నాడు. అంతే. ఆ విద్యకు వీడియో లేదు. గొర్రెల వాసన, పొగ వాసన, నా వెల్లుల్లి వాసన కలిసిన గాలిలో హాయిగా నిద్రపట్టింది.

తెల్లవారి లేవగానే నేను చేసిన మొదటి పని అమ్మాయి చేతులు, కాళ్లు తనిఖీ చేయడం.

"ఒక్కటీ కుట్టలేదు నాయనా," అంది గబగబా.

చెవి వెనకాల ఎర్రగా దద్దురు కనిపించింది. నిన్న సాయంత్రం నీళ్ల అంచున ఉన్నప్పటిదే అయి ఉంటుంది. దుప్పటి ముసుగు ఎందుకో అప్పుడర్థమైంది. ఆ అంచున కూర్చోబెట్టింది నేనే. అయినా న్యాయమూర్తిలాగా గొంతు సవరించుకున్నాను. "ఒప్పందం ఒప్పందమే. ఖోఖో లేదు."

ఆమె ఏడవలేదు. మొహం కడుక్కోవడానికి డ్రమ్ము దగ్గరికి పోయింది. కాపరి కూడా కుక్కకు కాసిని నీళ్లు కావాలని చెంబు పట్టుకొచ్చాడు. మూత జరిపి లోపలికి తొంగిచూసినవాడు పకపకా నవ్వాడు.

"ఇదేందప్పా! యాడికి పోయినా మీ దోమల్ని మీరే మోసుకుని తిరుగుతాండారు గదా!"

వెళ్లి చూశాను. ఎండ పడిన నీళ్లలో సన్నటి దోమ పిల్లలు, లెక్కలేనన్ని, మెలికలు తిరుగుతున్నాయి. నేను చూస్తున్నంతసేపూ పైకి వస్తున్నాయి, కిందికి పోతున్నాయి. చెరువు నీళ్లు కావు అవి. మా పెరటి నీళ్లు. మంచి నీళ్లలో పెరిగి పట్టపగలు కుట్టే దోమే డెంగీ తెస్తుందని నేనే కాలనీ అంతటికీ చెప్పాను. పాలవాడికైతే రెండుసార్లు చెప్పాను. మురికి గుంట మీద కోపంలో, మంచి నీళ్లు, పట్టపగలు అన్న ఆ రెండు ముక్కలూ మా పెరటి డ్రమ్ముల పక్కన పెట్టి చూసుకోలేదు.

బావమరిది నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. నేను డ్రమ్మును రెండు చేతులతో పట్టుకుని చేనులోకి వంచాను. నీళ్లు పారబోయడం అదే మొదటిసారి. నేల ఆ నీళ్లను చూస్తుండగానే తాగేసింది.

"సోమవారం నుంచి పో," అన్నాను. ఆమె వైపు చూడలేక నేలకేసే చూస్తూ అన్నాను. "తప్పు నాది. గ్రౌండుది కాదు. ఇంట్లో డ్రమ్ముల్లోనే ఉన్నాయని నాకు తట్టలేదు."

"నేను చెప్పినా నాయనా," అంది నెమ్మదిగా. "ఆస్పత్రి నుంచి వచ్చినంక ఆశా వర్కరు ఆంటీ మా స్కూలుకొచ్చి గాజు గ్లాసులో ఇట్లాంటి దోమ పిల్లల్నే చూపించింది. ఇంటికొచ్చి నీకు చెప్పినా. మన అనంతపురంలో నీళ్లు పారబోసేది పాపం అంటివి. మళ్లీ చెప్పేకి భయమాయ."

అన్నాను. అన్న సంగతి గుర్తుంది. ఆ తర్వాత ఏడాది పాటు, నేను దోమల మీద ఊరందరికీ పాఠాలు చెబుతుంటే, నా బిడ్డ అన్నీ తెలిసి కూడా రోజూ ఆ డ్రమ్ము నీళ్లతోనే మొహం కడుక్కుంది.